పెద్ద ఫిష్ సర్ఫ్‌బోర్డు

ఫిష్ అనేది పొట్టిగా, వెడల్పుగా, దాదాపు చదునైన అడుగుతో ఉండే ఒక రకం సర్ఫ్‌బోర్డు. దాని తోక చేప తోకలా రెండుగా చీలి ఉంటుంది. చీలిన రెండు కొసల దగ్గర చెరొక ఫిన్ నిలబడి ఉంటుంది. ఈ ఫిన్ ఎత్తు తక్కువ, అడుగు పొడవు ఎక్కువ కాబట్టి దాన్ని కీల్ అంటారు, రెండూ కలిపి కీళ్ళు. మామూలు ఫిష్ పొడవు అయిదున్నర అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. అదే రూపాన్ని ఆరున్నర, ఏడు, ఏడున్నర అడుగులకు పెంచి చేసేదే పెద్ద ఫిష్. బరువైన మనిషికి, వయసు మళ్ళిన సర్ఫర్‌కు, బలం లేని కెరటాలున్న తీరానికి ఇది నప్పుతుంది. చూడటానికి చిన్నదాన్నే సాగదీసినట్టు ఉన్నా, మలిచేవాడి బల్ల మీద అది వేరే లెక్క.

ఈ బోర్డుకు కెరటం కావాలి. పల్నాడులో సాగర్ ఉంది, కెరటం లేదు. నాగార్జునసాగర్ జలాశయమైనా, పులిచింతల వెనక నిలిచిన కృష్ణ నీళ్ళైనా గాలికి కాస్త అలలు లేపుతాయే గానీ మనిషిని మోసుకెళ్ళవు. నరసరావుపేట వాళ్ళు సముద్రం చూడాలంటే బాపట్ల దగ్గరి సూర్యలంకకు పోవాలి. కాకపోతే ఫిష్‌కు రెండు కీళ్ళు ఎందుకో అర్థం చేసుకోవడానికి మాచర్ల వైపు కృష్ణలో తిరిగే పుట్టి చాలు. వెదురు బుట్టకు ఒకప్పుడు తోలు, ఆ తర్వాత తారు గుడ్డ, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా తొడిగి చేసే ఈ గుండ్రటి నావకు ముక్కూ లేదు, తోకా లేదు, అడుగున పట్టూ లేదు. తెడ్డు ఒక పక్కన వేస్తే చాలు, చుట్టూ తిరుగుతుంది. సర్ఫ్‌బోర్డు నుంచి ఫిన్ తీసేస్తే దాని గతీ ఇంచుమించు అంతే. కెరటం వాలు మీద అడ్డంగా జారుతున్నప్పుడు తోక పక్కకు కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది ఫిన్. ఫిష్ తోక వెడల్పు కాబట్టి మధ్యలో ఒక్క ఫిన్ పెడితే, బోర్డు అంచు మీదికి వాలినప్పుడు అది నీళ్ళలోంచి పైకి తేలిపోతుంది. అందుకే రెండింటినీ అంచుల దగ్గరికి జరిపారు.

ఈ రూపం 1967లో కాలిఫోర్నియాలోని శాన్ డియెగోలో పుట్టింది. స్టీవ్ లిస్ అనే కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని నడపడానికి అయిదడుగులు కూడా లేని బోర్డు చేసుకున్నాడు. సన్నటి మొనతో ఉండే తోక కెరటాన్ని బాగా పట్టుకుంటుంది, వెడల్పు తోక వేగాన్నిస్తుంది. రెండూ కావాలంటే రెండు మొనలను పక్కపక్కన పెట్టాలి. చీలిన తోక వెనుక ఉన్న ఆలోచన ఇంతే. త్వరలోనే జనం దాని మీద లేచి నిలబడటం మొదలుపెట్టారు. 1972లో అదే ఊరి ఓషన్ బీచ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో జిమ్మీ బ్లేర్స్ గెలిచాడు, డేవిడ్ నుయివా రెండో స్థానంలో నిలిచాడు. ఇద్దరి కాళ్ళ కిందా ఫిష్ బోర్డులే. పోటీకి ముందు నుయివా బోర్డును ఎవరో ఎత్తుకుపోయి, విరగ్గొట్టి, అక్కడి పియర్‌కు వేలాడదీశారు. తమ ఊరి బోర్డు ఊరు దాటిందన్న కోపం అలా ఉండేది.

ఫిష్‌కు ఒక తాత కూడా ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాబ్ సిమన్స్ అనే కాలిఫోర్నియా సర్ఫర్, నీటి మీద వేగంగా జారే పడవల అడుగు ఎలా ఉండాలో వివరిస్తూ లిండ్సే లార్డ్ 1946లో వెలువరించిన సాంకేతిక గ్రంథాన్ని పట్టుకుని బోర్డులు చేశాడు. నీటిని చీల్చుకుపోకుండా నీటి మీద తేలి జారడం, వెడల్పు తోక, రెండు ఫిన్లు అన్నీ ఆయన బోర్డుల్లో అప్పటికే ఉన్నాయి. ఫోమ్ గుండెకు ఫైబర్‌గ్లాస్ చర్మం తొడగడంలోనూ ఆయన ముందువరుస వాడే. 1954లో విండన్‌సీ తీరంలో సర్ఫింగ్ చేస్తూనే ఆయన పోయాడు. సిమన్స్ బోర్డులు పొడవాటివి. కాబట్టి పెద్ద ఫిష్‌ను చిన్న ఫిష్‌కు అన్న అనడం కంటే సిమన్స్ వంశానికి తిరిగి వచ్చిన మనవడు అనడమే సబబు.

తర్వాతి కథ తొందరగా చెప్పుకోవచ్చు. హవాయి సర్ఫర్ రెనో అబెలీరా 1976లో సిడ్నీ పోటీకి తెచ్చిన పొట్టి రెండు ఫిన్ల బోర్డు చూసి, ఆస్ట్రేలియా పొడగరి మార్క్ రిచర్డ్స్ తన సొంత రూపం తయారు చేసుకుని 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగేళ్ళు ప్రపంచ విజేత అయ్యాడు. 1981లో సైమన్ ఆండర్సన్ మూడు ఫిన్ల బోర్డుతో బెల్స్ బీచ్ పోటీ గెలవడంతో పాత ఫిష్ అటకెక్కింది. శాన్ డియెగోలో స్కిప్ ఫ్రై వంటి కొద్దిమంది మాత్రం దాన్ని వదల్లేదు. 1941లో పుట్టిన ఫ్రై తన వయసుతో పాటు తన ఫిష్‌లనూ పెంచుకుంటూ పోయి, పది అడుగులు దాటినవీ చేశాడు. పెద్ద ఫిష్ అనే మాటకు గౌరవం తెచ్చినవాడు ఆయనే అనవచ్చు. 1990ల్లో ఆండ్రూ కిడ్‌మన్ తీసిన లిట్మస్ వంటి సినిమాలు చూసి కొత్త తరం మళ్ళీ ఈ బోర్డుల వైపు తిరిగింది. రెట్రో అనే విశేషణం అప్పటి నుంచి అంటుకుంది.

ఇప్పుడు అసలు లెక్క. 5 అడుగుల 6 అంగుళాల పొడవు, 21 అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల మందం ఉన్న మామూలు ఫిష్‌ను తీసుకుందాం. పొడవు, వెడల్పు, మందం గుణించి, అంచులూ కొసలూ సన్నబడతాయి కాబట్టి అందులో 58 శాతం తీసుకుంటే ఘనపరిమాణం సుమారు 33 లీటర్లు వస్తుంది. దీన్ని ఏడడుగులకు అదే పాళ్ళలో పెంచితే వెడల్పు దాదాపు 26.7 అంగుళాలు, మందం 3.2 అంగుళాలు అవుతాయి. ఘనపరిమాణం రెట్టింపు దాటి 68 లీటర్లకు చేరుతుంది. అది చంకలో ఇమడదు. ఒక అంచు మీంచి ఇంకో అంచు మీదికి వాలాలంటే తలుపు తిప్పినంత పని. కాబట్టి అనుభవమున్నవాళ్ళు ఏడడుగుల ఫిష్‌కు వెడల్పు 22 అంగుళాల దగ్గర, మందం 2.75 అంగుళాల దగ్గర ఆపేస్తారు. అప్పుడు 48 లీటర్లు వస్తుంది. పొడవు 27 శాతం పెరిగితే వెడల్పు అయిదు శాతమే పెరిగిందన్నమాట.

కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కట్టేవాళ్ళకు ఈ సంగతి కొత్తగా అనిపించదు. ఇంటి ముందు పిల్లలు కట్టుకునే చిన్న ప్రభను అదే పాళ్ళలో పెంచుకుంటూ పోతే ఎనభై అడుగుల ప్రభ లేవదు. అడుగు బరువు వేరు, వెదుళ్ళ కట్టు వేరు, మోకులు లాగి పట్టే తీరు వేరు. బోర్డు విషయంలో ఇంకో చిక్కు ఉంది. బోర్డు పెరిగినా దాని మీద నిలబడే మనిషి పెరగడు. రెండు పాదాల మధ్య దూరం అదే రెండు మూడు అడుగులు. వెనక పాదం కీళ్ళ మీద పడాలి, లేకపోతే తోక మాట వినదు. అంటే పెరిగిన పొడవంతా ముందు పాదానికి ముందే చేరుతుంది. నిలబడ్డాక ఆ భాగం దాదాపు మోతబరువే. తెడ్డు బదులు చేతులతో నీళ్ళు లాగుతూ పడుకున్నప్పుడు మాత్రం ఛాతీ కింద ఉండి తేలించేది అదే. పెద్ద ఫిష్ రూపకల్పనలో తెలివంతా ఈ ముందు భాగం పడుకున్నప్పుడు పనికొచ్చి, నిలబడ్డాక అడ్డు రాకుండా చూడటంలోనే ఉంది.

అందుకు చేసే పనులు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే వెడల్పైన చోటును నడిమికి రెండు మూడు అంగుళాలు ముందుకు జరుపుతారు. మందం ఎక్కువగా ఛాతీ కింద ఉంచి, ముక్కు కొస దగ్గరా అంచుల దగ్గరా పలచబరుస్తారు. చిన్న ఫిష్ ముక్కు నేల నుంచి మూడంగుళాలు లేచి ఉంటే సరిపోతుంది. పొడవాటిది అంత చదునుగా ఉంటే నిటారు కెరటం దిగేటప్పుడు ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది. కనుక ముందు వంపును ఇంకో అంగుళం దాకా పెంచుతారు. తోక వైపు వంపు మాత్రం పెంచరు. ఫిష్ వేగమంతా ఆ చదును వల్లే. అక్కడ చెయ్యి పెడితే మిగిలేది చీలిన తోక ఉన్న మామూలు బోర్డే.

తోక సంగతి కాస్త నిదానంగా చూడాలి. చిన్న ఫిష్‌లో రెండు కొసల మధ్య దూరం పది అంగుళాల చుట్టుపక్కల, చీలిక లోతు అయిదంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. ఏడడుగుల బోర్డులోనూ ఈ కొలతల్ని పెద్దగా మార్చకపోవడమే మంచిది. తోక ఇంకా వెడల్పయితే వాలడానికి మొరాయిస్తుంది. పొడవుకు తగ్గట్టు కనపడాలని చీలికను మరీ లోతు చేస్తే వెనక పాదం కింద ఉండాల్సిన పలక మాయమవుతుంది. పెద్ద బోర్డు మీద ఆ తోక కంటికి కాస్త చిన్నగా, ఎవరిదో తెచ్చి అతికించినట్టు కనపడుతుంది. కొత్తగా మలిచేవాళ్ళు ఇక్కడే కంటి మాట విని చెడగొట్టుకుంటారు.

కీళ్ళను సాధారణంగా పడవలకు వాడే ప్లైవుడ్‌తో చేస్తారు. అడుగు పొడవు ఎనిమిది, తొమ్మిది అంగుళాలు, ఎత్తు అయిదంగుళాల దగ్గర. లిస్ నాటి పద్ధతిలో అవి నిటారుగా, దాదాపు సమాంతరంగా ఉండేవి. ఇప్పుడు ముందు కొసలను బోర్డు ముక్కు వైపుకు ఎనిమిదో వంతు నుంచి పావు అంగుళం దాకా లోపలికి తిప్పి, నాలుగైదు డిగ్రీల లోపు బయటికి వాల్చేవాళ్ళు ఎక్కువ. పెద్ద బోర్డుకు కొందరు కీల్‌నే కాస్త పెద్దది చేస్తారు, ఇంకొందరు నాలుగు చిన్న ఫిన్లు వేస్తారు. నాలుగు వేస్తే మలుపు తేలికవుతుంది, కీళ్ళతో వచ్చే ఆ నిలకడైన జారుడు కొంత పోతుంది. పాత రుచి కోసమే పెద్ద ఫిష్ చేయించుకునేవాడు కీళ్ళే అడుగుతాడు, అడగాలి కూడా.

మలిచే గదికి కిటికీ వెలుతురు పనికిరాదు. ముదురు రంగు గోడలు, బల్ల ఎత్తులో రెండు వైపులా పొడవాటి ట్యూబులైట్లు ఉండాలి. పక్కనుంచి పడే వెలుతురులో నీడలే ఎత్తుపల్లాలను చూపిస్తాయి. ముడి ఫోమ్ దిమ్మను బ్లాంక్ అంటారు. దాని నడుమ ముక్కు నుంచి తోక దాకా స్ట్రింగర్ అనే సన్నటి చెక్క బద్ద ఉంటుంది. ముందుగా సగం రూపం కోసిన అట్టను ఒక వైపు పెట్టి గీసి, తిప్పి రెండో వైపు గీస్తారు. రెండు వైపులూ అచ్చుగుద్దినట్టు రావాలంటే ఇదే దారి. రంపంతో ఆ గీత వెంట కోసి, కరెంటు ప్లానర్‌తో పై పొర లేపి, మందం, వంపు తేలుస్తారు. ఆ తర్వాత అంచులు. వాటిని ఒకేసారి గుండ్రం చేయరు. ముందు ఏటవాలు పట్టీలుగా చెక్కి, ఆ పట్టీల మధ్య మొనలను సాండ్ పేపర్‌తో కలిపేస్తారు. ముందు అంచు గుడ్డు కొసలా మెత్తగా ఉండి, తోక దగ్గరికి వచ్చేసరికి అడుగు వైపు పదును తేలాలి. నీళ్ళు ఆ పదును దగ్గరే బోర్డును వదులుతాయి. మెత్తగా ఉంటే అంచు చుట్టూ పాకి వెనక్కి లాగుతాయి.

చీలిక కోసేటప్పుడు నడుమ ఉన్న స్ట్రింగర్ కూడా తెగుతుంది. మిగిలిన రెండు కొసలకు చెక్క ఆధారం ఉండదు, ఫోమ్ మాత్రమే. ఫిష్ బోర్డు ఎక్కడ విరుగుతుందంటే ముందు అక్కడే. అందుకని ఆ కొసల మీద గుడ్డ రెండు మూడు పొరలు వేస్తారు. కొందరు నడుమ ఒక్క బద్దకు బదులు చెరో పక్కన రెండు బద్దలున్న బ్లాంక్ ఎంచుకుంటారు. చీలిక లోపలి మూలలో ఫైబర్ గుడ్డ సరిగా కూర్చోదు. దర్జీ చంక దగ్గర గుడ్డ కత్తిరించినట్టు అక్కడ గాట్లు పెట్టి మడవాలి.

ఫైబర్ వేయడం విడి విద్య. గుడ్డ చదరపు గజానికి 4 ఔన్సులో 6 ఔన్సులో తూగుతుంది. పెద్ద బోర్డు కాబట్టి నిలబడే వైపు ఒక పొర అదనంగా వేస్తారు. పాలిస్టర్ రెజిన్‌లో క్యాటలిస్ట్ ఒకటి రెండు శాతం కలిపితే గట్టిపడుతుంది. రెజిన్‌కు కలిపే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను, క్యాటలిస్ట్‌ను నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే మంటో పేలుడో తప్పదు. ఫైబర్ పని చేసే ప్రతివాడూ మొదట నేర్చుకోవాల్సింది ఇదే. రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం పూట కలిపితే గుడ్డంతా తడిసేలోగా రెజిన్ జున్నులా గడ్డకడుతుంది. కనుక క్యాటలిస్ట్ తగ్గించాలి, పని తెల్లవారుజామునకో రాత్రికో మార్చుకోవాలి. ఫోమ్ దుమ్ము, రెజిన్ ఆవిరి ఊపిరితిత్తులకు చేటు. మూతికి తువ్వాలు కట్టుకుంటే చాలదు, సరైన మాస్క్ కావాలి.

బ్లాంక్ రెండు రకాలు. పాలియురేథేన్ ఫోమ్ పాతది, చెక్కడానికి హాయి. అమెరికాలో ఆ బ్లాంకుల మార్కెట్‌ను ఏలిన క్లార్క్ ఫోమ్ 2005 డిసెంబరు 5న ఉన్నట్టుండి మూతపడింది. బోర్డులు చేసేవాళ్ళకు ఆ రోజు దుర్దినంగా గుర్తుండిపోయింది. దాంతో చాలామంది రెండో రకం వైపు తిరిగారు. అది పాలిస్టైరీన్, మన థర్మోకోల్‌కు గట్టి రూపం. తేలిక, బాగా తేలుతుంది. పెద్ద ఫిష్‌కు బరువు తగ్గించుకోవడానికి అనువు. కానీ దాని గింజల మధ్య గాలి ఉంటుంది. గది వేడెక్కుతున్న వేళ రెజిన్ వేస్తే లోపలి గాలి వ్యాకోచించి బుడగలు పైకి తన్నుకొస్తాయి. గది చల్లబడుతున్న వేళ వేస్తే రావు. థర్మోకోల్‌కు ఎపాక్సీ రెజినే వాడాలి. పాలిస్టర్ తగిలితే అది కరిగిపోతుంది.

ఈ సామగ్రి తెలుగు తీరానికి కొత్తదేమీ కాదు. ఫైబర్ రాకముందు విశాఖ జాలారిపేట నుంచి దక్షిణాన నెల్లూరు తీరం దాకా జాలర్లు కెరటాలు దాటడానికి వాడింది తెప్ప. దుంగలను చెక్కి, తాళ్ళతో పక్కపక్కన బిగించి కట్టేది. తమిళంలో కట్టుమరం, అదే ఇంగ్లీషులోకి పోయి కాటమరాన్ అయింది. పడవలో నీళ్ళు నిండితే మునుగుతుంది. తెప్పలో నీళ్ళు నిలవవు, పై నుంచి పడి కింది సందుల్లోంచి పోతాయి. తేలేది కర్ర తేలికదనం వల్లే. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర తెప్పలకు మేలైనదని పాత వృక్షశాస్త్ర గ్రంథాలు రాశాయి. బొమ్మల చేతుల్నీ తలల్నీ మొండేనికి అతకడానికి కొండపల్లి వాళ్ళు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. సర్ఫ్‌బోర్డులో పడ్డ గుంటను రెజిన్‌లో తేలికపాటి పొడి కలిపి పూడుస్తారు. అదీ ఒక మక్కే.

1980ల నాటికి తెప్పలకు తగిన కర్ర దొరకడం కష్టమైంది. మద్రాసు కేంద్రంగా నడిచిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఇసుక తీరంలోనే దిగగల కొత్త రకం పడవలను ఆంధ్ర తీరంలో ప్రయత్నించింది. క్రమంగా ఫైబర్ తెప్ప వచ్చింది. బయట ఫైబర్‌గ్లాస్, తేలడానికి లోపలి ఖాళీల్లో ఫోమో థర్మోకోలో. సిమన్స్ నుంచి ఫ్రై దాకా బోర్డులు చేసినవాళ్ళు నమ్ముకున్న సూత్రం ఇదే. దీని అర్థం ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని కాదు. కెరటం రెండు చోట్లా ఒకే తేలిక, ఒకే గట్టిదనం అడిగింది. తేడా ఎక్కడంటే తెప్ప కెరటాన్ని దాటడానికి, బోర్డు కెరటం మీదే ఉండిపోవడానికి.

భారతదేశంలో సర్ఫింగ్ ఒక క్రీడగా కర్ణాటకలోని ముల్కిలో 2004లో మొదలైన మంత్ర సర్ఫ్ క్లబ్‌తో నిలదొక్కుకుంది. సర్ఫింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 2011లో ఏర్పడింది. తమిళనాడులోని కోవళం జాలరి పిల్లలు పేరు తెచ్చుకున్నారు. విశాఖలో రుషికొండ వైపు ఈ ఆట కనపడుతోంది. బంగాళాఖాతంలో గాలికి లేచే కెరటాలు చాలా రోజులు పొట్టిగా, మెత్తగా, దగ్గర దగ్గరగా వస్తాయి. సన్నటి పోటీ బోర్డు వాటి మీద కూరుకుపోతుంది. కెరటం తోసే కాస్త బలాన్నే వాడుకుని జారగల చదునైన, బాగా తేలే ఏడడుగుల ఫిష్ ఇలాంటి చోట ఆడంబరం కాదు, అక్కరకొచ్చే పనిముట్టు. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణం నుంచి పెద్ద కెరటాలు వచ్చినప్పుడు మాత్రం దాని వెడల్పే దానికి శత్రువు. నురగను మునిగి దాటడం 48 లీటర్ల బోర్డుతో అయ్యే పని కాదు.

ఫిష్ విరిగేది ఎక్కువగా ఒడ్డునే, తోక కొస ఇసుకకు గుద్దుకుని. అతుకు వేయడానికి దూరం పోనక్కర్లేదు. ఫైబర్ తెప్పలు బాగుచేసేవాళ్ళ దగ్గర గుడ్డా రెజినూ రెండూ ఉంటాయి. వాళ్ళు వాడేది సాధారణంగా పాలిస్టర్. పగుల్లోంచి కనపడేది పసుపు తిరిగిన మెత్తటి ఫోమ్ అయితే నిశ్చింతగా వేయించుకోవచ్చు. తెల్లటి గింజలు కనపడితే ఆపాలి, పగులు మీద ఒక్క గరిటెడు పాలిస్టర్ పడినా గోరంత పగులు అరచేతంత గుంట అవుతుంది. ముందు ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడిగి, నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి, ఎపాక్సీ తెచ్చుకోవాలి.